చప్పుడు లేని కారు

ఆ బుధవారం పొద్దున డ్రైవింగు మాస్టారి పథకం చాలా చిన్నది. కారు తీసుకుని బావమరిది షాపుకు వెళ్లాలి, గడగడలాడే ముందు తలుపులో ఏదో ఒక స్పాంజి ముక్క కుక్కించుకోవాలి, అక్కడే ఒక టీ తాగి క్లాసు వేళకు వెనక్కి వచ్చేయాలి. ఇంత చిన్న పనిని ఎవరైనా చెడగొట్టగలరా అని మీరు అడగవచ్చు. మాస్టారిని ఎరగని వాళ్లే అలా అడుగుతారు.

ఆ స్పాంజి ముక్క వెనక ఒక ఉద్యోగం ఉంది. మాస్టారి భార్య ఆసుపత్రిలో నర్సు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడవి రాత్రి డ్యూటీలే. ఆయన లేచేసరికి ఆవిడ పడుకుంటుంది, ఆయన పడుకునేసరికి ఆవిడ బయల్దేరుతుంది. ఒకే ఇంట్లో ఉండి ఇద్దరూ గుమ్మం దగ్గర ఎదురుపడి పలకరించుకునే కాపురం అది. ఇన్నాళ్లకు, మంచాన పడ్డ రోగుల్ని ఇళ్లకు వెళ్లి చూసుకునే పగటి పోస్టు ఒకటి వచ్చింది. కారు ఆసుపత్రి వాళ్లే ఇస్తారు. లైసెన్సు మాత్రం ఉండాలి. సోమవారం లోపు చూపిస్తే పోస్టు ఆవిడది, లేకపోతే తర్వాత ఉన్నవాళ్లది. అప్పటికే ఆవిడ టెస్టు రెండుసార్లు తప్పింది. ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి పెళ్లాం తప్పింది. శుక్రవారం మూడో టెస్టు. అదే ఆఖరి అవకాశం.

రెండుసార్లూ పాపం మాస్టారిదే. మొదటిసారి ఆయన ఉండబట్టలేక రోడ్డు పక్కన నిలబడి, గేరు మార్చమని చేత్తో సైగ చేశారు. టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టరు గారు చూశారు. "బయటి వాళ్ల సాయం తీసుకున్నావమ్మా" అని కొట్టేశారు. రెండోసారి పాపం మాస్టారి కారుది. ఇన్‌స్పెక్టరు గారిది మెత్తని గొంతు. పక్కనున్న మనిషికి కూడా మర్యాదగా, బతిమాలుతున్నట్టు చెబుతారు. మాస్టారి కారు మాత్రం గులకరాళ్లు పోసిన రేకు డబ్బాలా మోగుతుంది. ఆయన పెదాలు కదిలాయని తెలిసింది గానీ ఏమన్నారో తెలియక, ఆవిడ ధైర్యం చేసి పక్క వీధిలోకి తిప్పింది. "నేను చెప్పకుండా తిప్పావమ్మా" అని అదీ కొట్టేశారు.

బావమరిదిది కార్ల సింగారం షాపు. సీటు కవర్లు, మ్యాట్లు, అద్దాలకు నల్ల ఫిల్ములు. పనిమంతుడే, కానీ అడిగినదానికి సూటిగా జవాబు చెబితే నామోషీ అనుకునే రకం.

"ఏ చప్పుడు తగ్గాలి బావా?" అన్నాడు.

"ఏ చప్పుడేమిట్రా? చప్పుడు తగ్గాలి."

"చప్పుళ్లన్నీ ఒకటి కాదు. ఇదిగో విను." వేలి కణుపుతో తలుపు రేకు మీద కొట్టాడు. ఖాళీ డబ్బాలా మోగింది. వెండి రేకు అంటించిన నల్లటి బ్యూటైల్ రబ్బరు షీటు నుంచి అరచేయంత ముక్క కోసి, వెనక కాగితం ఊడదీసి, తలుపు లోపలి రేకు మీద పెట్టి చిన్న రోలరుతో అణిచాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి చెక్క మీద కొట్టినట్టు టప్పుమంది. "ఇది రేకు వణుకుని పట్టేస్తుంది. రేకంతా కప్పక్కర్లేదు, మధ్యలో పావు వంతు వేస్తే చాలు."

"మరి మిగతా ముప్పావు?"

"అది కూడా మోగదు. అదే దీని గొప్ప."

మాస్టారికి నమ్మకం కుదరలేదు. పావు వంతు నేర్చుకుని టెస్టుకు వెళ్లినవాళ్ల గతి ఆయన చాలా చూశారు. "మొత్తం కప్పెయ్" అన్నారు.

"సరే. తర్వాత ఈ ఫోము. షీటు మీద ఇది వేస్తే గాలి హోరు తగ్గుతుంది. నీళ్లు పీల్చదు కాబట్టి తలుపులకి ఇదే మంచిది."

"ఆ దూది ఫెల్టు ఇంకా మెత్తగా ఉందిగా?"

"అది తలుపులో పెడితే వాన నీళ్లు తాగి తడిగుడ్డ కంపు కొడుతుంది. పైకప్పుకైతే పర్వాలేదు, ఎండ వేడి ఆపుతుంది. ఇక ఇది నేలకి. బరువైన రబ్బరు పొర. బయట ఎవడు అరిచినా లోపలికి రానివ్వదు."

"తలుపులకి అది, పైకప్పుకి ఇది, నేలకి ఆ రబ్బరు. అన్నీ వెయ్యి. ఆ మూలనున్న చుట్టేమిటి?"

"తారు షీటు. కారే ఇళ్ల కప్పులకి వేస్తారు. కొందరు కార్లలో కూడా అంటిస్తారు గానీ ఎండెక్కితే కరిగి కాళ్ల మీద కారుతుంది. దాని జోలికి పోవద్దు."

"సరే, అదొక్కటి వద్దు" అన్నారు మాస్టారు, ఎంతో నిగ్రహం చూపించినవారిలా.

బావమరిది బానెట్ వైపు చూసి తల గోక్కున్నాడు. "ఇంజినుకీ మనకీ మధ్య గోడ ఉంది చూశావూ, దాన్ని మాత్రం వదిలేద్దాం బావా. నువ్వు గేర్లు నేర్పేదే ఇంజిను విని కదా."

ఇది నిజం. 'మూలిగితే కింది గేరు, అరిస్తే పై గేరు.' మాస్టారి స్కూలు మొత్తం ఈ ఒక్క మాట మీద నడుస్తుంది. ఆ సమయానికి ఆయన చెవికి ఆ మాట ఎక్కి ఉంటే అందరం ఎవరి పనులు వాళ్లం చూసుకునేవాళ్లం. కానీ రెండోసారి ఫెయిలై వచ్చిన రోజు ఆవిడ వంటింట్లో పంపు తిప్పి, ఆ నీళ్ల చప్పుడు కింద ఏడ్చింది. మాస్టారి చెవుల్లో అదే ఉంది. అంతకన్నా ఇంకేమీ ఆయనకు పట్టలేదు.

"అన్నింటికన్నా ఎక్కువ అరిచేది అదే. మూసెయ్" అన్నారు.

సీట్లన్నీ ఊడదీసి రెండు రోజులు పని చేశాడు బావమరిది. శుక్రవారం పొద్దున కారు తెచ్చి గుమ్మం ముందు పెట్టి, తలుపు వేసి చూపించాడు. దిండు మీద దిండు పడ్డట్టు వినిపించింది. మాస్టారి కళ్లు చెమర్చాయి.

ఆవిడ కూర్చుని తాళం తిప్పింది. ఏమీ జరగలేదు. మళ్లీ తిప్పింది. అప్పుడు వీధి చివర టీ కొట్టు దగ్గరున్న వాళ్లంతా చెవులు మూసుకుని ఇటు చూశారు. లోపలున్న ఇద్దరికీ ఏమీ తెలియలేదు.

"ఏమండీ, ఇంజిను నడుస్తోందా?"

"నడుస్తోందనుకుంటా."

"అనుకుంటా అంటే?"

మాస్టారు దిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి వచ్చారు. "నడుస్తోంది. నువ్వు నడుస్తున్నదాన్నే మళ్లీ తిప్పావు."

టెస్టు గ్రౌండుకు దారంతా నరకమే. ఆవిడ మొదటి గేరులోనే పోతోంది. ఎప్పుడు మార్చాలో చెప్పాల్సిన ఇంజిను నోరు మెదపడం లేదు. మాస్టారూ వినడానికి ముందుకు వంగారు, పక్కకు వంగారు, చివరికి చెవి తీసుకెళ్లి డాష్‌బోర్డుకు ఆనించారు. అక్కడ ఫోము ఇంకా దట్టంగా ఉంది. ఏం చేశానురా దేవుడా అనుకున్నారు.

"నాకు వినపడటం లేదండీ" అంది ఆవిడ. "ఇన్నాళ్లూ విని నడపమన్నారు. ఇవాళ, ఇవాళే చెవులు మూసేశారు. సోమవారం నన్ను మళ్లీ ఆ రాత్రి వార్డుకే పొమ్మంటారా?"

ఆవిడ కాసేపు పళ్లు బిగించి నడిపింది. తర్వాత ఏమనుకుందో, రోగి మణికట్టు పట్టుకున్నట్టు గేరు రాడ్డు మీద రెండు వేళ్లు ఆనించింది. కొంచెం దూరం పోయాక క్లచ్ తొక్కి రెండో గేరు వేసింది. ఆ తర్వాత మూడోది. వేళ్ల కింద అదురు పెరిగితే ఒకటి, తగ్గితే ఒకటి. ఎంతోమంది నాడి చూసిన వేళ్లు అవి. మాస్టారు డాష్‌బోర్డు మీంచి చెవి తీశారు.

గ్రౌండులో ఆవిడ ఫోను ఆయన చేతికిచ్చి, కళ్లలోకి చూసి చెప్పింది. "ఈసారి మీరు రోడ్డు మీదకి రావద్దు. చెయ్యి ఎత్తొద్దు. నన్ను చూడను కూడా చూడొద్దు."

"ఒట్టు" అన్నారు మాస్టారు.

ఇన్‌స్పెక్టరు గారు టోపీ సర్దుకుని పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. అంతే, లోకం ఆగిపోయింది. పొద్దుట్నుంచీ ఆయన అప్పటికే నాలుగు కార్లలో ఊగి, అదిరి, దడుచుకుని ఉన్నారు. ఇలాంటి కారు ఆయన జన్మలో ఎక్కలేదు. మెల్లగా ఒళ్లు సడలింది. "నేరుగా పోనివ్వమ్మా" అన్నారు. ఆ మెత్తని గొంతు ఆవిడకు ఒక్కో అక్షరం వినపడింది.

ఆవిడ నేరుగా పోనిచ్చింది. ఆయన ప్యాడు ఒళ్లో పెట్టుకుని తల వంచారు. వీధి చివరికి వచ్చేసరికి నిద్రపోయారు. ఆయన గొంతు ఎంత మెత్తనిదో నిద్రా అంతే మెత్తనిది. గురక లేదు, నిట్టూర్పు లేదు. టోపీ అంచు కళ్లను కప్పేసింది. రోడ్డు మీంచి కన్ను తీయకూడదని నేర్చుకున్న మనిషి కాబట్టి ఆవిడ క్రీగంట చూసిందల్లా ప్యాడు, దాని మీద పెన్ను, పెన్ను మీద వేళ్లు. తన తప్పులే రాస్తున్నారనుకుంది. ఆపకుండా రాస్తున్నారు. ఇన్ని తప్పులు ఎప్పుడు చేశానా అనుకుంటూ స్టీరింగు ఇంకా గట్టిగా పట్టుకుంది. కూడలి వచ్చింది. చెప్పకుండా తిప్పితే పోయినసారి ఏమైందో తెలుసు. నేరుగా పోనిచ్చింది. ఇంకో కూడలి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. ఆవిడా ఏమీ అడగలేదు.

గ్రౌండులో మాస్టారు ఇచ్చిన మాట ప్రకారం రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డారు. ఎవరి టెస్టయినా టీ చల్లారేలోపు అయిపోతుంది. మాస్టారి టీ చల్లారింది, రెండో టీ కూడా చల్లారింది. ఆవిడ తర్వాత వెళ్లాల్సినవాళ్లు వరసలో గొణగడం మొదలుపెట్టారు.

"ఇన్‌స్పెక్టరు గారు ఇంత ఆలస్యం ఎప్పుడూ చేయరే" అన్నాడు ఆఫీసు గుమాస్తా. "ఆయన ఫోను కూడా ఇక్కడే చార్జింగులో ఉంది. బ్రేకులు గట్రా బాగానే ఉన్నాయా మాస్టారూ?"

బ్రేకు అనగానే మాస్టారి మనసులో నేల మీద పరిచిన రబ్బరు పొర మెదిలింది. దాని మీద ఫోము, దాని మీద కార్పెట్టు. వెంటనే బావమరిదికి ఫోను చేశారు.

"పెడళ్ల కింద ఎంత మందం వేశావురా?"

"పెడళ్ల కింద వేశానా లేదా అని గుర్తు చేసుకుంటున్నా."

"అక్కడ మందం ఎక్కువైతే బ్రేకు పూర్తిగా దిగుతుందా?"

"దిగదు" అన్నాడు బావమరిది. ఆ వెంటనే షట్టరు దించిన చప్పుడు వినిపించింది. "బావా, వ్యాను తెస్తున్నా."

వ్యాను వచ్చీ రాగానే మాస్టారు వాణ్ని పక్కకు తోసి తనే స్టీరింగు పట్టుకున్నారు. గ్రౌండు కాపలాదారు నేరుగా వెళ్లిందన్నాడు. మొదటి కూడలిలో పళ్లబండివాడు నేరుగానే అన్నాడు. రెండో కూడలిలో ఎర్ర లైటు ఉంది. జీవితంలో ఎర్ర లైటు దాటని మనిషి, దాటినవాళ్లను క్లాసులో నిలబెట్టి తిట్టిన మనిషి, దాన్ని చూడలేదు. ఎవరో ఖాకీ బట్టల మనిషి చెయ్యెత్తాడు. మాస్టారు కూడా తిరిగి చెయ్యి ఊపి ముందుకు పోయారు.

ఊరు దాటి షెడ్లు, కర్మాగారాలు వచ్చాక కారు కనబడింది. సాఫీగా, ఒకే వేగంతో పోతోంది. మాస్టారు హారన్ కొట్టారు. కారు ఉలకలేదు, పలకలేదు.

"కొట్టు బావా, ఇంకా కొట్టు."

"చెయ్యి ఎత్తకుండా కొడుతూనే ఉన్నా. వినపడితేగా. ఎవడురా ఇంత గట్టిగా చేసింది?"

"నువ్వే కదా మొత్తం కప్పెయ్ అన్నావు."

పక్కగా వచ్చారు. మాస్టారు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చెయ్యి బయట పెట్టి ఆపమని ఊపారు. ఆవిడ చూసింది. చూసి, మొహం అటు తిప్పుకుంది. ఆమె చెంప ఎర్రబడటం వ్యానులోకి కూడా కనిపించింది. మళ్లీ సైగలు, మూడోసారి కూడా సైగలు, ఈ మనిషి బతికుండగా నాకు లైసెన్సు రాదు అనుకుంది ఆవిడ. చూడనట్టే నడిపింది.

బావమరిది మెడ చాచి అద్దంలోంచి చూశాడు. "బావా, అక్క బాగానే ఉంది. ఇన్‌స్పెక్టరు గారు తల వాల్చేశారు."

"వాల్చేశారంటే?"

"వేలాడుతోంది."

మాస్టారికి పొద్దున కారులో కొట్టిన కొత్త జిగురు వాసన గుర్తొచ్చింది.

"ఫోముకి జిగురు ఎంత కొట్టావు?"

"చాలానే. రెండు రోజులు గాలికి ఆరనివ్వాలి బావా. నువ్వు శుక్రవారానికే కావాలన్నావు."

"అది పీలిస్తే మనిషి పోతాడా?"

"తల తిరుగుతుందని డబ్బా మీద ఉంటుంది. మూసిన గదిలో వాడొద్దని కూడా ఉంటుంది."

అంతకన్నా మూసిన గది ఆ జిల్లాలో ఇంకోటి లేదు. ముందు ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు ఆవిడ. స్టీరింగు మీద వాలిపోవడం ఒక్కటే మిగిలింది. పోస్టు పోతే పోనీ, జన్మంతా రాత్రి డ్యూటీలే చేసుకోనీ, గుమ్మం దగ్గర ఎదురుపడి పలకరించడానికి మనిషి ఉంటే చాలు అనుకున్నారు మాస్టారు. కళ్లనిండా నీళ్లతో, కారు దాటగానే పడ్డ ఇంకో ఎర్ర లైటు దాటారు.

ముందు రైలు గేటు పడుతోంది. కారు వెనక లైట్లు వెలిగాయి. కారు మెల్లగా, గీతకు ఒక మూర ఇవతల, గ్లాసులో నీళ్లు తొణకనట్టు ఆగింది. పెడళ్ల కింద బావమరిది ఏమీ వేయలేదన్నమాట. ఆ సంగతి వాడికి అప్పుడు గుర్తొచ్చింది.

మాస్టారు వ్యానులోంచి దూకి పరుగెత్తారు. అద్దం మీద అరచేత్తో కొట్టారు. లోపల ఆవిడ తల తిప్పలేదు. ఇన్‌స్పెక్టరు గారి వైపు తలుపు పట్టుకుని లాగారు. తలుపు తెరుచుకోగానే రైలు కూత, గేటు గంట, వెనక బండ్ల హారన్లు, మాస్టారి కేక అన్నీ కలిపి ఒక్కసారిగా లోపలికి పడ్డాయి. ఇన్‌స్పెక్టరు గారు ఎగిరిపడి, కళ్లు తెరవకుండానే బ్రేకు వెతుక్కుంటూ కాలు తన్నారు.

"ఉన్నారు" అన్నారు మాస్టారు, నేల మీద కూలబడి. "బతికే ఉన్నారు."

ఆవిడ దిగింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మీద గొంతెత్తని మనిషి, పోతున్న రైలుకన్నా గట్టిగా అంది. "మళ్లీ వచ్చారా? చూడొద్దన్నాను, చెయ్యి ఎత్తొద్దన్నాను. మూడోసారి కూడా పోగొట్టారు. నేనేం పాపం చేశానండీ? పగటిపూట మనుషుల్లా బతుకుదామనుకోవడం తప్పా?" చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు చుట్టూ చూశారు. పట్టాలు, పొలాలు, పొగగొట్టాలు కనబడ్డాయి. "ఇదెక్కడమ్మా?"

"తెలియదు సార్. మీరు తిప్పమనలేదు."

ఆయన ప్యాడు చూసుకున్నారు. మొదటి గడిలో మొదలైన పెన్ను గీత పేజీ కిందదాకా జారి, అక్కణ్నుంచి ఆయన ప్యాంటు మీదకు వెళ్లింది. చాలాసేపు ఆ గీతనే చూశారు. నిద్రపోయిన సంగతి ఆయనకూ తెలిసింది, అందరికీ తెలిసింది.

"దారిలో ఎక్కడైనా ఆపావా?"

"సిగ్నళ్లు పడ్డప్పుడల్లా ఆపాను సార్. ఒకచోట కుక్క అడ్డం వస్తే గట్టిగానే ఆపాను."

"గట్టిగానా?" ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. "నేను లేవలేదే. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చోవడం నా ఉద్యోగమమ్మా. ఈ సీట్లో నేను ఎప్పుడూ రెప్ప వాల్చింది లేదు. నన్ను నిద్రపుచ్చి ఇంత దూరం తెచ్చినదానికి ఇంకా టెస్టేమిటి?" కొత్త కాగితం తీసి, పాసని రాసి, సంతకం పెట్టారు.

ఆవిడ కాగితం వైపు చూసింది, భర్త వైపు చూసింది. మాస్టారు నేల మీద కూర్చునే నవ్వారు. చాలా కాలానికి ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగులోకే ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. దాని మీంచి ఖాకీ బట్టల మనిషి దిగాడు.

"ఈ వ్యాను నడిపింది ఎవరు? రెండు ఎర్ర లైట్లు దాటాడు సార్. నేను ఆగమని చెయ్యెత్తితే, నాకు టాటా చెప్పాడు."

బావమరిది వ్యాను చాటుకు పోయాడు. మాస్టారు లేచి నిలబడ్డారు. జిగురు, రబ్బరు, ఫోము, భార్య ప్రాణం, వీటన్నిటినీ ఒక వరసలో పెట్టి చెప్పాలని నోరు తెరిచారు గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

ఇన్‌స్పెక్టరు గారు చెయ్యి చాపారు. "లైసెన్సు ఇటివ్వండి మాస్టారూ. మూడు నెలలు రద్దు" అన్నారు. ఆయన మాట అంత గోలలో కూడా అందరికీ వినపడింది.

తర్వాత ఆయన కారెక్కి తలుపు వేసుకుని, "ఇప్పుడు వెనక్కి తిప్పమ్మా" అన్నారు. గేటు దాటి వస్తున్న బండ్ల వరసలో కారు కలిసేలోపే మళ్లీ నిద్రపోయారు.

నర్సు సోమవారం పగటి డ్యూటీలో చేరింది. ఆ మూడు నెలలూ మాస్టారి స్కూల్లో డ్రైవింగు క్లాసులు నల్లబల్ల మీదే జరిగాయి.